దుబాసీ : ఒక మాట చరిత్ర

కమలాపురమునకు చేరువలో పాపఘ్ని పినాకినిలో కలియుచున్నది. రెండేరులు కలియు తావును పెద్దలు సంగమమని పిలిచి పుణ్యస్థలముగా నెంచిరి. రెండు భాషలు కలియు తావు కూడ అట్టిదే. ఆ తావున నిలిచి, ఈ యొడ్డువాని మాటను ఆ యొడ్డువానికిని, ఆ యొడ్డువాని మాటను ఈ యొడ్డువానికిని చేరవేయు మనుష్యుని మన పూర్వులు దుబాసీ యనిరి. ఈ మాట నేడు వృద్ధుల నోట గాని, పాత పుస్తకములలో గాని తప్ప అంతగా వినరాదు. ఒకప్పుడు మాత్రము దుబాసీ లేనిదే చెన్నపట్టణమున బట్టల మూట చేతులు మారెడిది కాదు. దొరతనమువారి ఆజ్ఞ రైతునకు తెలిసెడిది కాదు. ఆంగ్లేయులు ఈ పదమును తమ భాషలోనికి గొనిపోయి "డుబాష్" అని పలికి, తమ నిఘంటువులలో దానికి చోటిచ్చిరి. మాటాడుటకు సంబంధించిన ఆంగ్ల పదములలో మన దేశమునుండి వెళ్లినది ఇదియొకటి. దీని పుట్టుకను, పెంపును, తరుగుదలను తెలిసికొన్నచో, ఒకరి మాటను మరియొకరు చెప్పుటలో ఎంతటి బాధ్యత యున్నదో బోధపడగలదు.

ద్వి యనగా రెండు. భాష యనగా పలుకు. రెండు పలుకులు గలవాడు ద్విభాషి. ఇది సంస్కృతపు రూపము. హిందూస్థానీలో "ద్వి" కాస్త "దో" యయి, దోభాషియా యని పలుకబడెను. అరవవారు తుపాషి యనిరి. తెలుగువారు దుబాసి, దుబాసీ యనిరి. ఆంగ్లేయులు తాము విన్నదానిని విన్నట్లు వ్రాసికొని డుబాష్, డోబాష్, డెబాష్ అని పలురూపములు కల్పించిరి. పదము మాత్రము ఒక్కటే. కడపలో కొలువు చేసి తెలుగు నేర్చిన బ్రౌను దొర 1852వ సంవత్సరమున చెన్నపట్టణమున ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో ఈ పదమును చేర్చినాడు. పండితులు వాడు మాటలనే గాక, కచేరీలలోను బజారులోను మెలగు మాటలను గూడ నిఘంటువున చేర్చుట ఆయన గొప్పతనము.

ఆంగ్లేయులు మన దేశమున నేర్చిన మాటలను ప్రోగుచేసి, యూల్, బర్నెల్ అను ఇరువురు పండితులు ఒక పెద్ద నిఘంటువును కూర్చిరి. అది 1886లో వెలువడినది. బర్నెల్ చెన్నపట్టణపు సివిలు కొలువునందుండి సంస్కృతమును, దక్షిణదేశపు లిపులను శ్రద్ధగా నేర్చినవాడు. పుస్తకము అచ్చుకాక మునుపే 1882లో మరణించెను. ఆ పుస్తకము పేరు "హాబ్సన్–జాబ్సన్". ఈ పేరు వచ్చిన విధము విచిత్రము. మొహర్రం దినములలో "యా హసన్, యా హుసేన్" అని భక్తులు వేయు కేకలు తెల్ల సిపాయిల చెవులకు అట్లు వినబడినవట. పీర్లపండుగ నెరిగినవారికి ఇది విని నవ్వు రాక మానదు. ఒక వినికిడి తప్పు పుస్తకమునకు పేరైనచో నష్టము లేదు, నవ్వుకొని ఊరకుండవచ్చును. అట్టి తప్పే కచేరీలో దొరలినచో ఏమగునన్నదే ఈ చరిత్రకు కీలకము. ఆ నిఘంటువున దుబాసీ యనగా మొదట భాష చెప్పువాడనియు, తరువాత దొరల ఇండ్లలో పెత్తనము చేయు సేవకుడనియు, వర్తకపు కంపెనీలలో దేశీయులతో బేరము నడపు దళారి యనియు అర్థములు చెప్పబడినవి. ఒక్క మాటకు మూడర్థములు ఎట్లు కలిగినవో చూడవలెను.

ఇట్టి మనుష్యుని అవసరము మన దేశమునకే పరిమితము కాదు. మనము వాడుకొను "తర్జుమా" యను మాట అరబ్బీనుండి వచ్చినది. ఆ భాషలో భాష మార్చి చెప్పువానిని తర్జుమాన్ అందురు. దాని మూలము క్రీస్తునకు పూర్వమే అస్సీరియా వర్తకుల మట్టి పలకలమీద కానవచ్చుచున్నది. ఆ మాటయే ఐరోపా చేరి, పలు నోళ్ల నలిగి, ఆంగ్లమున "డ్రాగమన్" అయినది. తెలుగు రైతు పలుకు తర్జుమాయు, ఆంగ్లేయుడు పలుకు డ్రాగమనును ఒక తల్లి బిడ్డలే. ఇక న్యాయస్థానములలో వినబడు "ఇంటర్‌ప్రిటర్" అను మాట లాటిను పుట్టుక గలది. ఆ భాషలో ఆ పదమునకు ఇరువురి నడుమ బేరము కుదుర్చువాడనియు అర్థము గలదు. దీనినిబట్టి చూడగా, ఏ దేశమునందైనను భాష చెప్పువాడు మొదట సంతలో పుట్టి, పిదప సభలో ప్రవేశించినట్లు తోచును. కొనువానికిని అమ్మువానికిని నడుమ నిలిచినవానికి మాట విలువ తెలియును. మాటను అమ్ముకొను మార్గమును తెలియును.

మన పూర్వులు ఈ రెండవ సంగతిని మరువలేదు. సంస్కృతమున ద్విజిహ్వ యను పదము గలదు. రెండు నాలుకలు గలది యని అర్థము. అమరసింహుడు దీనికి పామనియు, కొండెగాడనియు రెండర్థములు చెప్పినాడు. రెండు భాషలుండుట విద్య. రెండు నాలుకలుండుట విషము. ఈ రెంటికిని నడుమ నున్న గీటు మిక్కిలి సన్ననిది. ఆ గీటు దాటక మెలగిన వాక్కునకు మనవారు చూపు దృష్టాంతము హనుమంతుడు. అశోకవనమున సీతను చూచి, ఏ భాషలో పలుకరింతునా యని ఆయన తర్కించుకొనును. పండితుని వలె సంస్కృతమున పలికినచో రావణుడే యని ఆమె భయపడునేమో యని శంకించి, సామాన్య జనుల పలుకుతో మాటాడ నిశ్చయించును. తాను చెప్పగలిగిన భాష కాక, ఎదుటివారికి భయము కలిగింపని భాషను ఎన్నుకొనుట దూత లక్షణమని ఆదికవి తెల్పినాడు. తరువాతి కాలమున దుబాసీలను కొలుచుటకు ఇది మంచి కొలబద్ద.

ఇక చెన్నపట్టణపు సంగతి. 1639లో ఫ్రాన్సిస్ డే యను కంపెనీ వర్తకుడు దామెర్ల నాయకులనుండి సముద్రపు టొడ్డున స్థలమును సంపాదించెను. అచ్చట సెయింటు జార్జి కోట వెలసినది. ఆ వ్యవహారమున బేరి తిమ్మన్న యను తెలుగు వర్తకుడు దుబాసీగా తోడ్పడెనని చెప్పుదురు. తరువాత ఆయనయు, కాసా వీరన్నయు కంపెనీకి ముఖ్య వర్తకులై ప్రసిద్ధి కెక్కిరి. కంపెనీకి కావలసినది మన సాలెవారు నేసిన బట్టలు. సాలెవానికి తెలుగు వచ్చును, దొరకు రాదు. బయానా యిచ్చుటకును, నాణ్యము చూచుటకును, ధర తెగజెప్పుటకును నడుమ నొకడుండవలెను. ఆ నడుమనున్నవానికే ఉభయుల లెక్కలును తెలియును.

కంపెనీ కొలువునకు సీమనుండి వచ్చువారు చాలమంది పదునారు, పదునెనిమిదేండ్ల పడుచువారు. వారికి రైటర్లని పేరు. తొలినాళ్లలో వారికి కంపెనీ యిచ్చు జీతము ఏడాదికి 5 పౌనులు మాత్రమే. మసూలా పడవలో అలలు దాటి ఒడ్డున దిగునప్పటికి దుబాసీ ఎదురువచ్చి సలాము చేసి నిలుచును. ఇల్లు చూపువాడు అతడే; వంటవానిని, బోయీలను కుదుర్చువాడు అతడే; చేతిలో కాసు లేనప్పుడు అప్పిచ్చువాడు నతడే. దొర సొంత వర్తకము చేయగోరినచో పెట్టుబడి పెట్టువాడు కూడ అతడే. ప్రతి కొనుగోలుమీదను అతనికి కొంత దస్తూరి ముట్టును. ఇట్లు భాష చెప్పువాడు ఇంటి పెత్తందారై, షావుకారై, దళారియై, పేరునకు సేవకుడయ్యు యథార్థమునకు యజమాని యయ్యెను. అప్పుపడిన దొర అతని మాట కాదనలేడు. దొరతో పని గలవాడు అతని గడప తొక్కక తప్పదు. నిఘంటువులోని మూడర్థములు ఇట్లు కలిగినవి.

ఈ పదవిలో గొప్పవారును కలరు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్ల (1709–1761) అరవమున వ్రాసిన దినచర్య ఆనాటి చరిత్రకు ఆకరము. ఆయన తెలుగు కవులను గూడ ఆదరించెను. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథమునకు ఆనందరంగరాట్ఛందమని ఆయన పేరే పెట్టినాడు. చెన్నపట్టణమున దుబాసీగా నుండి ధనము గడించిన పచ్చయప్ప మొదలియారి (1754–1794) ధర్మనిధినుండి 1842లో పాఠశాల యొకటి పుట్టి, తరువాత కళాశాల యయి వేలమందికి విద్య నొసగినది. ఒక భాషనుండి మరియొక భాషకు మాట మార్చి గడించిన ధనము, చదువు రూపమున తిరిగి జనులకే చేరుట సంతోషకరము.

వేరొక తీరు కథయు నున్నది. 1789–90 సంవత్సరములలో చెన్నపట్టణపు గవర్నరు పదవిని తాత్కాలికముగా నిర్వహించిన హాలండు సోదరులకు అవధానం పాపయ్య యను తెలుగు బ్రాహ్మణుడు దుబాసీ. హాలిబర్టను అను కంపెనీ ఉద్యోగిపై కుట్ర పన్నెననెడి నేరము క్రింద పాపయ్యపై 1792లో విచారణ జరిగి, నేరము రుజువైనదని తీర్పు చెప్పబడినది. ఆ విచారణ సీమలో పుస్తకముగా కూడ అచ్చయినది. ముప్పదియైదేండ్ల తరువాత, 1827లో, సర్ వాల్టర్ స్కాటు తన నవల యొకదానిలో పాపయ్య యను పేరుతోనే యొక దుబాసీ పాత్రను చిత్రించెను. అప్పటికి సీమలో కథలు చదువువారికి దుబాసీ యనగా మాయలమారి యని అర్థమైపోయినది. ద్విభాషి ద్విజిహ్వుడైనాడు. ఐనను నింద నంతయు దుబాసీపై మోపుట న్యాయము కాదు. తాను పాలించు జనుల భాష నేర్వక, ఒక్కని నోటిమీదను ఒక్కని చెవులమీదను ఆధారపడిన దొరలు ఆ పాపమున సగము పంచుకొనవలసినవారే. వినువాడు రెండవ భాషను ఏ మాత్రమును ఎరుగనప్పుడు, చెప్పువాని సత్యసంధతకు అతని మనస్సాక్షి తప్ప వేరు కావలి లేదు.

ఈ సంగతి దొరతనమువారికి తెలియక పోలేదు. 1792లో టిప్పూ సుల్తానునుండి బారామహలు సీమ కంపెనీ వశమైనప్పుడు, కారన్‌వాలిస్ ప్రభువు దాని పాలనకు చెన్నపట్టణపు సివిలు ఉద్యోగులను కాక, సైన్యమునుండి కెప్టెను రీడును, అతని క్రింద మన్రో మొదలగువారిని నియమించెను. సివిలు ఉద్యోగులలో దేశభాషలెరిగినవారు అరుదై, వారు దుబాసీల చేతులలో నుండుటయే ఇందులకు ముఖ్యకారణము. 1800లో నిజాము ప్రభుత్వము మన సీమను కంపెనీకి దత్తము చేయగా, ఆ మన్రోయే ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు నుండెను. ఊరూర డేరాలు వేసికొని రైతులతో తానే మాటాడెనని ఆయనకు పేరు. ఆయన చెన్నపట్టణపు గవర్నరై, 1827లో కర్నూలు సీమలోని పత్తికొండవద్ద కలరా తగిలి మరణించెను. మన్రో పేరును బిడ్డలకు పెట్టుకొన్న కుటుంబములు మన సీమలో నుండెడివి.

రైతువారీ పద్ధతిలో సర్కారునకును రైతునకును నడుమ జమీందారు లేడు. భూమి పట్టా రైతు పేరనే యుండును. నడిమివానిని తొలగించితిమని దొరలు సంతసించిరి. కాని భాష యను నడిమివాడు తొలగలేదు. రైతు పలుకునది తెలుగు. హుజూరు కచేరీలో మరాఠీ లెక్కలు. పాత ఫర్మానాలు పారసీ. పై యుత్తరువులు ఇంగ్లీషు. ఒక్క పొలము సంగతి ఇన్ని భాషలు దాటవలెను.

జమాబందినాడు ఒక రైతు దొర యెదుట నిలిచి "ఈ యేడు పండలేదు దొరా" అనెననుకొందము. ఈ మాటకు తెలుగున పలు భావములు గలవు. వాన రాక విత్తనమే వేయలేదా? విత్తి, మొలిచి, పైరు ఎండి సావి యైనదా? పండినను గింజ తక్కువైనదా? లెక్కలలో ఈ మూటికిని మూడు వేర్వేరు కలములు. ఎండిన పైరునకు పన్ను తగ్గింపు దొరకవచ్చును. దున్నక బీడు పెట్టిన భూమికి అది దొరకకపోవచ్చును. రైతునకు కడుపులో నున్న దుఃఖమొక్కటే. కలములు మూడని అతనికి తెలియదు. అతని మాట విని, తిరిగి యొక ప్రశ్న యడిగి, సరియైన కలమున వ్రాయించువాడు ఒకడు. అడుగక, తనకు తోచిన కలమున వ్రాయించువాడు మరియొకడు. ఇరువురును అబద్ధమాడలేదు. కాని మొదటివానివలన ఆ యింట పొయ్యి వెలిగినది; రెండవవానివలన ఎద్దు అమ్ముడుపోయినది. కరువు తరచు కాటు వేయు కడప సీమలో ఈ తేడా చిన్నది కాదు.

ఈ దృష్టితో చూచినచో ఊరి కరణము కూడ ఒక విధమైన దుబాసీయే. పొలము భాషను లెక్క భాషలోనికిని, లెక్క భాషను పొలము భాషలోనికిని మార్చుట అతని పని. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణపు వంశపారంపర్యపు పదవి రద్దయ్యెను. ఆ పదవిలో మంచివారును చెడ్డవారును నుండిరి. రైతులు ఇరువురిని గూర్చియు కథలు చెప్పుకొందురు. ఆ కథలన్నిటిని వడపోసినచో మిగులునది యొక్కటే: అక్షరము రానివాని తరపున వ్రాయువాని చేతిలో కలమొక్కటే కాదు, ఆ రైతు అన్నము కూడ నున్నది.

ఉత్తములైన దుబాసీలను మరువరాదు. ఏలూరివాడైన కావలి వేంకట బొఱ్ఱయ్య (1776–1803) కల్నలు మెకంజీకి భాష చెప్పినవాడు. మెకంజీ వేలకొలది వ్రాతప్రతులను, శాసనములను, నాణెములను సేకరించిన మహానుభావుడు. 1815లో హిందూదేశమంతటికిని మొదటి సర్వేయరు జనరలైనాడు. కాని దేశభాషలలో ఆయనకు ప్రవేశము లేదు. ఊళ్లలో పెద్దలను పలుకరించి, శాసనములు చదివి, అర్థము చెప్పినవారు బొఱ్ఱయ్యయు, అతని తమ్ముడు లక్ష్మయ్యయు, వారివంటి ఇతరులును. దేశీయ జ్ఞానమందిరమునకు తనకు ద్వారము చూపినది బొఱ్ఱయ్యయే యని మెకంజీ 1817లో వ్రాసిన లేఖలో కృతజ్ఞతతో తలచుకొన్నాడు. ముప్పదియేండ్లయినను నిండక బొఱ్ఱయ్య గతించెను. ఆ పద్ధతిననే దత్తమండలములలో గ్రామగ్రామపు వృత్తాంతములు, కరణముల కవిలెలు చూచి వ్రాసినవి, కైఫీయతులను పేర నిలిచినవి. కడప జిల్లా కైఫీయతులు తరువాత సంపుటములుగా అచ్చయినవి. మన గ్రామముల గుడులు, చెరువులు, కరువులు, పాలెగాండ్ర సంగతులు నేడు తెలియుచున్నవనిన, అది ఆనాటి దుబాసీల చలువయే.

ఆ కోవలో మరియొకడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు. న్యాయస్థానమున ఇతరుల మాటను మార్చి చెప్పువాడు ప్రమాణము చేసి నిలువవలెను. సాక్షి చెప్పినదానికి ఒక్క మాట చేర్చరాదు, ఒక్క మాట తీయరాదు. వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతిమీదుగా మన కడపను దాటి, అహోబిలము, శ్రీశైలముల దారిని పట్టి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరెను. దారి పొడవునను ఊళ్లు, దిగు వసతులు, నీళ్లు, అంగళ్లు, జనుల నడవడి చూచి వ్రాసినదే కాశీయాత్ర చరిత్ర. ఆయన 1836లో గతించిన పిదప, 1838లో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల దానిని అచ్చువేయించెను. తెలుగున యాత్రాగ్రంథములకు ఇది ఒరవడి. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పవలెనను కోర్టు అలవాటు ఆ పుస్తకమున పుట పుటను కానవచ్చును.

ఇదంతయు మనవారు దొరలకు చెప్పిన తీరు. ఎదురు దిక్కునుండియు ఒక దుబాసీ వచ్చినాడు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో కడపకు కొలువునకు వచ్చినప్పుడు ఇరువది రెండేండ్లయినను నిండనివాడు. కొలువునకై తెలుగు నేర్చెను. తరువాత తెలుగునకై కొలువు చేసెను అనిన తప్పులేదు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి, ప్రతులను సరిచూపించి వ్రాయించెను. దానిని జనులు బ్రౌను కాలేజీ యనిరి. 1829లో వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. అప్పటివరకు మన రైతు మాట దొరకు చెప్పుటకు మనవాడు నడుమ నిలిచెను. ఇప్పుడు మన వేమన మాట ప్రపంచమునకు చెప్పుటకు దొరయే నడుమ నిలిచెను. ఆయన కాపురమున్న ఆ స్థలముననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషివలన, కడపలో బ్రౌను పేర గ్రంథాలయము వెలసి, భాషాపరిశోధన కేంద్రముగా పెంపొందినది.

దుబాసీ యను మాట క్రమముగా మరుగుపడిన కారణము సులభముగానే ఊహింపవచ్చును. 1812లో చెన్నపట్టణమున సెయింటు జార్జి కోట కళాశాల నెలకొల్పి, కొలువునకు వచ్చు దొరలకు దేశభాషలు నేర్పసాగిరి. ఆ కళాశాలకై కాంబెల్ దొర వ్రాసిన తెలుగు వ్యాకరణము 1816లో వెలువడినది. ఇటు మనవారును బడులలో ఇంగ్లీషు నేర్చిరి. ఇరువురును కొంత కొంత నేర్చినంతట నడిమివాని పెత్తనము తగ్గినది. పదము మాత్రము రేవులలో కొంతకాలము బ్రతికినది. బొంబాయి రేవున ఓడలకు సామగ్రి అందించు వర్తకులకు దుబాష్ అను పేరు నిలిచి, పారసీకులలో అది యింటిపేరైనది. ముంబాయిలో ఆ పేర నొక వీధియు గలదు. మాటలు చేరవేసినవాని పేరు మూటలు చేరవేయువానికి మిగిలినది.

ఇంతకును పాలకునకును ప్రజలకును నడుమ దుబాసీ ఉండియే తీరవలెనా? ఈ ప్రశ్నకు జవాబు కమలాపురపు పొరుగుననే రాతిమీద చెక్కియున్నది. పూర్వము కమలాపురము తాలూకాలోనిదైన కలమళ్లలో, చెన్నకేశవస్వామి ఆలయ ప్రాంగణమున, రేనాటి చోడుల కాలపు శాసనము గలదు. అది క్రీ.శ. 575 ప్రాంతమునాటిదనియు, ఇంతవరకు లభించిన తెలుగు శాసనములలో మొదటిదనియు చరిత్రకారులనేకులు నిర్ణయించిరి. ఈ తాలూకాలోనిదే యైన ఎఱ్ఱగుడిపాడు శాసనమును ఆ ప్రాచీన కాలమునకు చెందినదే. అది నేలదానమును తెలుపును. అంతకుముందు రాజులు ప్రాకృతమునను సంస్కృతమునను శాసనములు వేయించుచుండగా, రేనాటి చోడులు ఊరివారి పలుకుననే వేయించిరి. ఏ నేల ఎవరిదో, ఎంత నేలయో, దానము పొందినవాడును ప్రక్క పొలమువాడును తమ భాషలోనే తెలిసికొనగల్గిరి. పద్నాలుగు వందల యేండ్లకు పైబడిన ఈ రాళ్లు చెప్పుచున్నదేమనగా, ఆజ్ఞ ప్రజల మాటలోనే యున్నప్పుడు దుబాసీకి దస్తూరి లేదు.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టము వచ్చినప్పుడు, కొత్త దారి తొక్కితిమని పలువురు తలచిరి. అది మన రేనాటివారు తొక్కిన పాత దారియే. ఆ దారి ఇంకను పూర్తిగా చదును కాలేదు. ఉన్నత న్యాయస్థానపు తీర్పు ఇంగ్లీషున వచ్చును. బ్యాంకు కాగితమున సంతకము చేయుచోట సన్నని ఇంగ్లీషు అక్షరములుండును. అప్పుడు పల్లెవాడు ఎవరినో యొకరిని ఆశ్రయింపక తప్పదు. నేడు చేతిఫోనులోని యంత్రము కూడ భాష మార్చి చెప్పుచున్నది. అది మేలే. కాని యంత్రము మాటను మార్చగలదు. మాటకు పూచీ పడలేదు. పూచీ పడువాడే దుబాసీ.

దుబాసీ చరిత్ర బోధించునది ఇది: మాట చెప్పువానిని నిజాయితీలో నిలుపునది వినువాని తెలివి. వినువానికి రెండవ భాష కొంతయైనను తెలిసినచో, చెప్పువాడు జాగ్రత్తపడును. ఏమియు తెలియనిచో, మంచివాడు కూడ అజాగ్రత్త పడవచ్చును. ఈ తెలివి ఇచ్చు చోటు పల్లెలో గ్రంథాలయమే. ఇరువదియైదేండ్లుగా ఇచ్చట బల్లమీద వార్తాపత్రిక తెరచియున్నది. నిఘంటువు బీరువాలో నున్నది. చదువను వ్రాయను నేర్చినవాడు నేర్వనివానికి చదివి వినిపించుచున్నాడు. ఆ చదివి వినిపించువాడును దుబాసీయే. ఇతనికి దస్తూరి లేదు.

బీరువాలలో నున్న అనువాద గ్రంథములు కూడ దుబాసీలే. చక్రపాణి గారి అనువాదములు చదివి, శరత్‌బాబు తెలుగువాడేనని నమ్మినవారు మన పల్లెలలో నెందరో యుండిరి. మూలకర్తను మన యింటికి తీసికొనివచ్చి, తాను గడప వెలుపలనే నిలిచిన దుబాసీ అతడు. కోటలో ధనము గడించిన దుబాసీలకు లేని కీర్తి ఇట్టివారికి కలదు.

రెండేరుల సంగమమున నీరు రెండు పొలములకును పారినట్లు, ఈ గ్రంథాలయమునుండి తెలుగును, ఉర్దువును, ఇంగ్లీషును ఊరి బిడ్డలకు పారుగాక! మన పొలము కాగితమును మనమే చదువుకొనగల దినము ప్రతి యింటికిని వచ్చుగాక! చదువలేని పొరుగువాడు కాగితము పట్టుకొని వచ్చినప్పుడు, ఒక్క మాట చేర్చక, ఒక్క మాట తీయక చదివి చెప్పు దుబాసీలు ఈ గ్రంథాలయపు చందాదారులందరును అగుదురుగాక!